పదో తరగతి కొసైను, బండలాగే ఎద్దు

త్రికోణమితి పాఠంలో ‘ఈ కొసైను ఎందుకు పనికొస్తుంది సార్?’ అని అడగని తరగతి ఉండదు. ఈ రోజు మన ఫోన్లలో చూసే వీడియోల వెనుక ఉన్నది ఆ కొసైనే. ఆ కథ వయసు కూడా మన సంఘం వయసుకు దగ్గరదే.

1972లో అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు నాసిర్ అహ్మద్, కొసైను తరంగాలతో సమాచారాన్ని కుదించే పరిశోధనకు నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగారు. ఆలోచన మరీ తేలికగా ఉందన్నారు, డబ్బు ఇవ్వలేదు. బెంగళూరులో పుట్టిన అహ్మద్ పట్టు వదల్లేదు. తన విద్యార్థి టి. నటరాజన్, టెక్సాస్‌లో ఉన్న మిత్రుడు కె.ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో ఆ పత్రం ప్రచురించారు. రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఆ ఇంటిపేరు ఏ భాషవారిదో మనకు వేరే చెప్పనక్కర్లేదు. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో 1966 నుంచి పనిచేసిన ఆయన 2021లో కన్నుమూశారు.

వారి పని విలువ లెక్కలో తెలుస్తుంది. 1920 × 1080 చుక్కల బొమ్మలు సెకనుకు 25 చొప్పున, కుదించకుండా పంపాలంటే సెకనుకు 15 కోట్ల బైట్లు దాటుతాయి. బొమ్మను 8 × 8 గళ్లుగా కోసి కొసైను తరంగాలుగా మారిస్తే, ఒక్కో గడిలోని 64 అంకెల్లో ముఖ్యమైనవి కొన్నే మిగులుతాయి. వీడియోలో ఇంకో సౌలభ్యం ఉంది: ముందు బొమ్మలో ఉన్నదాన్ని మళ్లీ పంపక్కర్లేదు. ఎటు జరిగిందో చెప్పి, మిగిలిన తేడా పంపితే చాలు. 1988లో ఆమోదం పొందిన హెచ్.261 ఈ రెంటినీ కలిపింది.

యాగంటి బసవన్నను వీడియో తీస్తే ఇబ్బందే లేదు. ఆయన పెరుగుతాడంటారు గానీ బొమ్మకూ బొమ్మకూ మధ్య కదలడు! బండలాగుడు పోటీలోనే చిక్కు. నేల మీద ఆనిన ఎద్దు కాలు స్పష్టంగా ఉంటుంది. మరుక్షణం అది లేచి, షట్టర్ మూసుకునేలోపే జరిగి, అలుక్కుపోతుంది. పాత కాలును తెచ్చి కొత్త చోట అతికించినా పోలిక కుదరదు. తేడా అంకెలు పెరుగుతాయి, చోటు చాలక గళ్లుగళ్లుగా కనిపిస్తుంది. హెచ్.261లోనే తెచ్చిన గడిని కాస్త నునుపు చేసే ఫిల్టర్ ఉంది. తర్వాత ఎంపెగ్-1 వెనక, ముందు బొమ్మల సగటు తీసుకోవడం నేర్పింది. పాత బొమ్మను కావాలనే మసకబార్చి పోల్చే పద్ధతిని 2005లో మధుకర్ బుదగావి ప్రతిపాదించారు.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. కుదింపులో పారేసిన అంకెలు తిరిగి రావు. ఫోన్ల మధ్య తిరిగే కొద్దీ వీడియో మళ్లీ మళ్లీ కుదించబడి, కదిలే ముఖాలే ముందు చెడతాయి. కాబట్టి ఈ ఉత్సవాల వీడియోలు తీసినవారు అసలు ఫైళ్లనే పెన్‌డ్రైవ్‌లో సంఘానికి అందజేయండి. మన గురువుల నడక, నవ్వు వచ్చే తరానికి స్పష్టంగా దక్కాలి.

గణితం చెప్పే ఉపాధ్యాయ మిత్రులకూ ఒక మనవి. కొసైను ఎందుకని ఈసారి పిల్లలు అడిగితే, జేబులోని ఫోను తీసి చూపండి.