నాల్వడి కృష్ణరాజ ఒడయరు: సరిహద్దుకు ఈవలి ఫలం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు మద్రాసు రాజధాని పాలనలో ఉన్నా, పడమట మైసూరు సంస్థానానికి, అంటే బ్రిటిషు ఆధిపత్యానికి లోబడి సొంత రాజు ఏలిన రాజ్యానికి, పొరుగు సీమలు. పుంగనూరు జమీందారుల పూర్వులు కోలారు ప్రాంతపు సుగటూరు నాయకులు కావడమే ఆ పొరుగుతనం ఎంత పాతదో తెలుపుతుంది. కాబట్టి నాల్వడి (కన్నడంలో ‘నాలుగవ’ అని అర్థం) కృష్ణరాజ ఒడయరు విద్యాకళా పోషణ ఈ సీమకు పరాయి చరిత్ర కాదు.

1884లో పుట్టిన ఆయన, తండ్రి మరణంతో 1895లో, పదేళ్ల ప్రాయంలో, సింహాసనమెక్కగా, 1902లో పూర్తి అధికారాలు చేపట్టేదాకా తల్లి రాజప్రతినిధిగా పాలన నడిపింది. స్వయంగా వీణ, వయొలిన్ నేర్చిన ఈ రాజు ఆస్థానంలో వీణ శేషణ్ణ, బిడారం కృష్ణప్ప వంటి విద్వాంసులుండేవారు. కన్నడ రాజు కొలువైనా, అక్కడి మైసూరు వాసుదేవాచార్యులు కృతులను ఎక్కువగా తెలుగు, సంస్కృతాల్లోనే రచించారు.

పూర్వపు ప్రభువులు కృతి అంకితం పుచ్చుకొని అగ్రహారమిస్తే, ఈయన కాలంలో పోషణ కొలువు దాటి సంస్థల రూపం ధరించింది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వెలసింది. దేశంలో ఒక సంస్థానం నెలకొల్పిన తొలి విశ్వవిద్యాలయమది. ఈ ఘనతలో దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య వాటా చిన్నది కాదు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్, ఆ తరువాత 1924లో మైసూరు జగన్మోహన ప్యాలెస్ చిత్రశాలలో ఆధునిక భారతీయ చిత్రాల సేకరణకు తోడ్పడ్డాడు.

జీతమిచ్చి విద్వాంసుని నిలుపుకొనే ఈ పద్ధతి వల్ల తెలుగు సీమకు కలిగిన మేలు, కొలువులో చదివిన ఏ స్తుతిపద్యంవల్లా కలగనంతటిది. చిత్తూరులోని కట్టమంచికి చెందిన రామలింగారెడ్డి మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యుడై, విశ్వవిద్యాలయ రూపకల్పనలో పాల్గొని, సంస్థాన విద్యాశాఖకు అధిపతియై, ఆ అనుభవంతోనే 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడయ్యాడు. ఆయన చొరవతో 1912లో అదే కళాశాలలో తెలుగు బోధనకు చేరిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అక్కడ దాదాపు నాలుగు దశాబ్దాలు పనిచేసి, బిడారం కృష్ణప్ప వద్ద సంగీతం అభ్యసించారు. ఒడయరు 1940లో మరణించారు. ఆ తరువాత శర్మ మైసూరులో నేర్చిన సంగీత విద్యతో తిరుపతి చేరి, రాగిరేకుల మీది అన్నమాచార్య కీర్తనలకు స్వరాలు కూర్చారు.