ధాత కరవు – క్లౌ దొర కాలువ

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట ధర్మము. ఆ అన్నమునకు ప్రతిఫలముగా వాని విశ్వాసమును కోరుట ధర్మమగునా? ఈ ప్రశ్నకు ఒంగోలు సీమ చరిత్రలో ఒక సమాధానము కలదు.

1876వ సంవత్సరమున, అనగా ధాత నామ సంవత్సరమున, వానలు తప్పెను. మద్రాసు రాజధానిలో 1878 వఱకు ఘోరక్షామము వ్యాపించెను. చెఱువులు ఎండెను, పశువులు చచ్చెను, ధాన్యము ధర కూలివానికి అందరానిదాయెను. జనులు ఊళ్లు విడిచి దారిపట్టిరి. దారిలోనే అనేకులు ప్రాణములు విడిచిరి.

అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. అమెరికను బాప్టిస్టు మిషనరి జాన్ ఎవరెట్ క్లౌ 1866 నుండి అచట నివసించుచు, ముఖ్యముగా మాదిగవారి నడుమ పనిచేయుచుండెను. ఆయన యౌవనమున స్వదేశములో భూముల సర్వే నేర్చినవాడు. ప్రభుత్వము క్షామనివారణకై బకింగుహాము కాలువ త్రవ్వించుచుండగా, అందు మూడున్నర మైళ్ల పనిని ఆయన కంట్రాక్టు తీసికొనెను. తన ఉపదేశకులనే మేస్త్రీలుగా నియమించెను. పగలు మట్టిపని, పని ముగిసిన పిమ్మట సువార్త, ఇట్లు దినములు గడచెను.

విన్నవారిలో పలువురు బాప్తిస్మము కోరిరి. క్లౌ అంగీకరింపలేదు. కరవుకూడు తినువాడు తెలుపు సమ్మతి కడుపుదో మనస్సుదో తేల్చుట కష్టము గదా! సుమారు పదిహేను నెలలు బాప్తిస్మములు నిలిచిపోయెను. సహాయము ముగిసి, ఇక ఇచ్చుటకు ఏమియు లేదని జనులకు తెలిసిన పిమ్మటనే వాటిని మరల ఆరంభించెను.

1878 జూలైలో గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి యొద్ద 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, వెరసి 3,536 మంది బాప్తిస్మము పొందిరి. 3వ తేదీన ఆరుగురు దేశీయ ఉపదేశకులు, ఇద్దరేసి చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచి, ఆ కార్యము జరిపిరి.

వీరు కూటికై మతము మారిరను ఆక్షేపణ కలదు. దానిని తేలికగా త్రోసిపుచ్చరాదు. గంజి పోసిన చేతిని కడుపు నిండిన పిమ్మటను మనుష్యుడు మఱవడు. కృతజ్ఞతయు ఒక ఋణమే. అయినను, ఊరిబావి నీటికి సైతము దూరముంచబడినవారు, తమ్ము మనుష్యులుగా నెంచిన మతమును తామే ఎన్నుకొనిరనుట కూడ ఒప్పుకొనవలసినదే.

క్లౌ 1910లో కాలధర్మము నొందెను. ఆ కాలువపై పడవల రాకపోకలు నిలిచి దశాబ్దములు గడచెను. కాని పెట్టిన చేయి ఫలమును కోరక వేచియున్న ఆ పదిహేను నెలలు, ఏ మతమువారైనను, దానము చేయు ప్రతివారును తలచుకొనదగినవి.