మనవడి చేతిలో కత్తి

వేసవి సెలవులకు మా మనవడు వచ్చాడంటే టీవీ ఇక నాది కాదు. మొన్నొక మధ్యాహ్నం ఆవకాయ ముక్కలు తుడుచుకుంటూ కూర్చుని, యథాలాపంగా తలెత్తి చూద్దును గదా, తెల్లని ముసుగు వేసుకున్న మనిషొకడు ఒక మేడ మీంచి ఇంకో మేడ మీదికి దూకుతున్నాడు. నడుముకి కత్తి.

"ఒరేయ్, పొద్దస్తమానం ఏమిట్రా ఈ కొట్లాటలు?" అన్నాను.

వాడు తల తిప్పకుండానే, "కొట్లాట కాదమ్మమ్మా, హిస్టరీ. ఇది డమాస్కస్. 1191" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. కృష్ణదేవరాయలు 1509లో పట్టానికి వచ్చాడని వారం రోజులుగా చెబుతుంటే గుర్తుండని వాడికి, ఎక్కడి డమాస్కస్‌కో చెందిన 1191 నాలిక చివర ఉంది! చదువు చెయ్యలేని పని ఆట ఎలా చేసిందా అని నాకు కుతూహలం పుట్టింది. ఆ రాత్రి పుస్తకాలు ముందేసుకు కూర్చున్నాను.

వాడు ఆడేది 'అసాసిన్స్ క్రీడ్' అనే ఆటల వరసలో మొట్టమొదటిది, 2007లో వచ్చింది. ఆట చేసేవాళ్ళు ఆ సంవత్సరాన్నే ఎందుకు ఎంచుకున్నారో చరిత్ర చదివితే తెలిసిపోతుంది. 1187లో సలాదిన్ జెరూసలేం పట్టుకున్నాడు. దాన్ని తిరిగి తీసుకోవాలని ఇంగ్లండు రాజు రిచర్డు, ఫ్రాన్సు రాజు ఫిలిప్పు దండెత్తి వచ్చారు. 1191 జూలైలో ఎకర్ పట్టణం వాళ్ళకి లొంగిపోయింది. మరుసటి నెలలో రిచర్డు సుమారు 2,700 మంది ఖైదీలను నరికించాడు. అంటే ఆ ఏడు ఏ వీధిలో చూసినా సైనికులే, ఏ గుండెలో చూసినా భయమే. ఆటకి అంతకన్న ఏం కావాలి? సైనికుణ్ణి వీధిలో నిలబెట్టడానికి వేరే కారణం వెతుక్కోనక్కర్లేదు. పైగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే ఆ మిద్దెలు దూకడానికి వీలు.

అసలు కిటుకు ఇంకోటుంది. అప్పటికి ఆ దేశాల్లో తుపాకీ లేదు. తుపాకీ ఉంటే దూరాన్నుంచే పని అయిపోతుంది. కత్తి అయితే మనిషి దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళాలంటే గోడ ఎక్కాలి, జనంలో కలిసిపోవాలి, ఊపిరి బిగబట్టాలి. ఆట అంతా ఆ నాలుగడుగుల దూరంలోనే ఉంది! చీర ఎంచుకున్నాక దానికి తగిన రవిక వెతుక్కుంటాం చూడండి, అలాగే వీళ్ళూ ముందు కాలాన్ని ఎంచుకుని, తర్వాత ఆయుధాన్ని కుదురుస్తారన్నమాట. ఒక్కోసారి రవిక గుడ్డ నచ్చి చీర కొనేవాళ్ళూ లేకపోలేదు.

అయితే ఆ కుదర్చడంలోనే చిత్రం జరుగుతుంది. ఈ ఆటలో హీరోకి చొక్కా చేతిలోంచి సర్రుమని బయటికొచ్చే కత్తి ఒకటుంది. దానికి అడ్డు రాకుండా ఉంగరం వేలు కూడా తీయించుకున్నాడు పాపం! అలాంటి కత్తి చరిత్రలో ఎక్కడా కనబడదు. ఆ తెగ మనుషులు మటుకు నిజంగా ఉన్నారు. సిరియా కొండల్లో వాళ్ళకి కోటలుండేవి. 1192 ఏప్రిల్లో, జెరూసలేం రాజుగా ఎన్నికైన కొద్దిరోజులకే, కాన్రాడ్ అనే ఆయన్ని టైర్ పట్టణపు వీధిలో చంపింది వాళ్ళే. అందుకు వాడినవి మామూలు బాకులు.

ఇంకోవైపు చూడండి. 2006లో ఈ ఆటని మొదటిసారి ప్రదర్శించినప్పుడు హీరో చేతిలో అడ్డవిల్లు ఉంది. అంటే కర్రకి అడ్డంగా బిగించి, మీట నొక్కి వదిలే విల్లు. ఆట బయటికొచ్చేసరికి దాన్ని తీసేశారు. ఆ యుద్ధంలో అది నిజంగా ఉన్న ఆయుధమేనండీ! క్రైస్తవుల మీద దాన్ని వాడరాదని 1139లోనే మతపెద్దలు రోములో సభ చేసి మరీ నిషేధించారు. ఎవరు విన్నారు గనుక? సాక్షాత్తూ ఆ రిచర్డు రాజే 1199లో ఫ్రాన్సులో అడ్డవిల్లు బాణం తగిలి, గాయం కుళ్ళి పోయాడు. ఉన్నది పోయింది, లేనిది వచ్చి కూచుంది!

ఈ సంగతి చెబితే మావాడు చిన్నబుచ్చుకున్నాడు. "అయితే అంతా అబద్ధమేనా?" అన్నాడు. వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు జపానువాళ్ళ కథతో 2020లో వచ్చిన 'ఘోస్ట్ ఆఫ్ సుషిమా' అనే ఇంకో ఆట చూపించాడు. 1274లో కుబ్లయిఖాన్ సేన సుషిమా దీవి మీద దిగినప్పటి కథ అది. సో సుకెకుని అనే నాయకుడు ఎనభైమంది రౌతులతో ఎదురు నిలిచి ప్రాణాలు వదిలిన మాట నిజం. కాని ఆనాటి సమురాయి వీరుడికి ముఖ్యమైన ఆయుధం గుర్రం మీంచి వేసే విల్లు. ఆటలో హీరో తిప్పే కటానా కత్తి ఆ రూపంలో వాడుకలోకి వచ్చింది ఆ తర్వాతి కాలంలో. కురొసావా సినిమాలు చూసిన కళ్ళకి కటానా లేకపోతే సమురాయి సమురాయిలా కనబడడు మరి. మన పౌరాణిక సినిమాల్లో కిరీటాలూ భుజకీర్తులూ లేకపోతే దేవుడు దేవుడిలా అనిపించనట్టు!

అలాగని విసిరికొట్టలేం. అదే 2020లో గాలివానకి సుషిమాలో ఒక గుడి ముందున్న తోరణం కూలిపోయింది. తిరిగి కట్టుకోవడానికి 50 లక్షల యెన్లు చందా అడిగితే 2 కోట్ల 70 లక్షలకి పైగా వచ్చాయి. ఇచ్చినవాళ్ళలో ఎందరో ఆ దీవిని ఆటలో తప్ప ఎప్పుడూ చూడనివాళ్ళు. కత్తి అబద్ధమైనా, దానివల్ల పుట్టిన మమకారం మాత్రం నిజమే.

ఇదంతా విని మావాడు, "మరి మన కత్తి ఏ ఆటలోనూ లేదా అమ్మమ్మా?" అన్నాడు. ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు నాకు హుషారొచ్చింది.

"నువ్వు మొదట ఆడావే, ఆ డమాస్కస్ ఊరి పేరుతోనే లోకమంతా గొప్ప కత్తుల్ని చెప్పుకుంటుంది. వాటి మీద నీళ్ళ అలల్లాంటి చారలుంటాయి. ఆ చారలు మన దక్షిణాది ఉక్కు గుణంరా. అరబ్బీలో మేలైన కత్తికి 'ముహన్నద్' అని పేరు, అంటే హిందూదేశపుదని. ఇంగ్లీషువాళ్ళు ఆ లోహాన్ని 'ఊట్జ్' అన్నారు. మన 'ఉక్కు' మాటే అలా మారిందని పండితులు చెబుతారు" అన్నాను.

ఆ ఉక్కు చేసిన ఊళ్ళలో మన నిజామాబాదు వైపు కోనసముద్రం ఒకటి. 1820 ప్రాంతంలో వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు అక్కడికి వెళ్ళి చూసి రాసుకున్నాడు. మట్టి మూసల్లో ఇనుము పెట్టి, మూతి బిగించి, తిత్తులూదుతూ గంటల తరబడి కాల్చి, నెమ్మదిగా చల్లారనిచ్చేవారట. ఎక్కడో ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పారశీక వర్తకుడొకడు అక్కడే మకాం వేసి ఉక్కు కొంటున్నాడు. తమ దేశంలోనూ ఇలా చెయ్యాలని చూశాం గాని సాధ్యపడలేదని ఆయనే డాక్టరుతో చెప్పాడు.

ఇంతటి పని చేసిన వాళ్ళ పేర్లు మనకి మిగల్లేదు. ఆటలో కత్తి పట్టినవాడికి పేరుంది, కోటుంది, తెల్లని ముసుగుంది. కొలిమి దగ్గర చెమటోడ్చినవాడికి ఊరి పేరు కూడా దక్కలేదు. దూరదేశంలో అమ్ముడుపోయిన ఊరి పేరు కత్తికి దక్కింది! ఆటకి కాలాన్ని, కత్తిని ఎంచుకోవడం అంటే ఎవరు గుర్తుండాలో ఎంచుకోవడమే. పిల్లల మనసులో పాఠం నిలవకపోయినా ఆట నిలిచిపోతోంది గనుక, ఆ ఎంపిక చిన్న విషయం కాదనిపిస్తుంది నాకు.

అందుకే ఇప్పుడు ఆట మాన్పించడం మానేశాను. పక్కన కూచుని, "ఆ కత్తి ఎవరు చేశార్రా?" అని మటుకు అడుగుతున్నాను. మొదట్లో విసుక్కునేవాడు. నిన్న డమాస్కస్ వీధిలో కత్తి దూసి, ఆట ఆపి, "అమ్మమ్మా, తిత్తులు ఊదేది పిల్లలా, పెద్దలా?" అన్నాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కాని ఆవకాయ జాడీకి వాసెన కడుతున్నంతసేపూ నా ముఖాన నవ్వు చెరగలేదంటే నమ్మండి.