గుఱక కథ

మన యిండ్లలో గుఱక యొక పరిహాసవిషయము. తాతగారు గుఱక పెట్టినచో మనుమలు నవ్వుదురు. పెండ్లివారి విడిదిలో గుఱక పెట్టిన పెద్దమనిషిని మఱునాడెల్ల కుంభకర్ణుడని పిలుతురు. కాని బిగ్గరగా సాగుచున్న గుఱక చటుక్కున నాగి, పది యిరువది సెకండులు నిశ్శబ్దముగా గడచి, పిదప ఆ మనిషి యులికిపడి గాలి మ్రింగుటను ప్రక్కన పరుండినవారు గమనించియే యుందురు. నిద్రించువాడు మాత్రము దీని నెఱుగడు. తెల్లవారిన తరువాత తలనొప్పియు, పగటి కునుకును వానికి మిగులును. వైద్యులు దీనిని నిద్రలో శ్వాసావరోధమనియు, స్లీప్ ఆప్నియా యనియు చెప్పుదురు.

నిద్రపట్టగానే గొంతులోని కండరములు సడలును. నాలుకలోను, గొంతు చుట్టును క్రొవ్వు పేరుకొనియున్నచో ఆ యిరుకుదారి మూసికొనిపోవును. రక్తములో ప్రాణవాయువు తగ్గగా మెదడు మేల్కొలుపును. మరల నిద్ర, మరల మూత. గంటకు ముప్పదిసారులు మించి యిట్లు జరిగినచో వ్యాధి తీవ్రమని లెక్క. రక్తపుపోటు పెరుగుటకును, బండి తోలువాడు దారిలో కునుకుటకును ఇది కారణమగును.

మన ప్రాచీనవైద్యులు దీని నెఱుగుదురా? సుశ్రుతసంహితలో మేదస్సు పెరిగినవాని బాధలను చెప్పుచోట అతినిద్ర, చెమట, కొద్దిపాటి పనికే ఆయాసము అనువానితో పాటు ‘క్రథనము’ అను మాట కలదు. ఊపిరి హఠాత్తుగా అడ్డుపడుటయని దానికి వ్యాఖ్యాతలు అర్థము చెప్పిరి. అంతమాత్రమున నేటి శాస్త్రమంతయు నాడే కలదని చంకలు గొట్టుకొన బనిలేదు. అయినను స్థూలకాయము, అతినిద్ర, ఊపిరి అడ్డు అను మూడును ఒక్క వరుసలో నిలుచుట చిన్న విషయము కాదు.

చరకసంహిత సూత్రస్థానము 21వ అధ్యాయములో స్థూలునకు చెప్పిన పథ్యము మన సీమవారికి మఱింత ఆసక్తికరము. కొఱ్ఱలు, సామలు, యవలు, జొన్నలు, అరికెలు, పెసలు, ఉలవలు! అంగళ్లు మొదలుకొని మదనపల్లె, పుంగనూరు, కుప్పము వఱకుగల మెట్టభూములలో మన తాతలు వాననే నమ్మి పండించుకొన్న పంటలలో అనేకము లిందులోనివే. రాగి ఆ పట్టికలో లేదు. కనుక సంగటిముద్ద యెంత పెద్దదైనను దోషము లేదని యెవ్వరును చరకుని సాక్ష్యము తెచ్చుకొనరాదు. వ్యాయామమును కూడ ఆయన విధించెను. మంచిదే. రాత్రి మేల్కొనుమని కూడ చెప్పెను. ఈ యొక్కమాటను మాత్రము నేడు పాటింపరాదు. నిద్ర చాలనివానికి ఆకలి హెచ్చునని ఇప్పుడు తెలిసినది.

ఇక మనవారికి లావుపై గల మక్కువకును ఒక చరిత్ర కలదు. మదనపల్లెచెంత ఆరోగ్యవరమున, 20వ శతాబ్ది రెండవ దశకములో, క్షయరోగులకై చికిత్సాలయము వెలసెను. డేనిష్ వైద్యుడు ఫ్రిమోడ్ట్ మోలర్ దానిని నడపెను. విశ్రాంతి, గాలి, పుష్టికరమైన ఆహారము, ఇవియే ఆ కాలమున మందులు. క్షయరోగికి తూనికలో బరువు పెరుగుట శుభవార్త. క్షయయు, కఱవును చూచిన తరములవారు ఒళ్లు చేసినవానిని ఆరోగ్యవంతుడని తలచుటలో వింత యేమున్నది? ఆ తలంపు మాత్రము కాలము మారినను మిగిలిపోయినది.

పాశ్చాత్యదేశములలోను ఇది మొదట నవ్వుల కథయే. 1836-37లో చార్లెస్ డికెన్సు వ్రాసిన ‘పిక్విక్ పేపర్స్’ అను నవలలో జో అను లావుపాటి కుఱ్ఱవాడు నిలుచుండియే నిద్రించును. 1956లో బర్వెల్ మొదలగు అమెరికా వైద్యులు ఆ నవల పేరనే ఒక వ్యాధిని వర్ణించిరి. వారి రోగి యొక వ్యాపారి. పేకాటలో మూడు ఆసులు, రెండు రాజులు చేతికి వచ్చిన సమయమున కునుకు పట్టి, ఆ యాటను పోగొట్టుకొనెను! ఆసుపత్రిలో మితాహార మిచ్చి బరువు తగ్గింపగా నతడు తేరుకొనెను. చికిత్స కుదిరెనుగాని కారణము పూర్తిగా తెలియలేదు. ఏల యనగా వైద్యుడు రోగిని చూచునది పగటియందే కదా! 1965లో ఫ్రాన్సున గాస్టో బృందమును, జర్మనీలో యుంగ్, కూలో అనువారును వేఱువేఱుగా రాత్రియెల్ల నిద్రను యంత్రములతో కొలిచి ఊపిరి యాగుటను కనుగొనిరి. ఇల్లాలు ఏనాడో విన్నదానిని శాస్త్రము అప్పటికి వినెను.

1981లో సిడ్నీ నగరమున కోలిన్ సల్లివన్ ముక్కుద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసికొనకుండ నిలుపు యంత్రమును ప్రకటించెను. తీవ్రవ్యాధికి నేటికిని అదియే ముఖ్యాధారము. కాని అది తొడిగినంతసేపే పనిచేయును. బరువు మాట 2000లో అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు తేల్చిరి. 690 మందిని నాలుగేండ్లు గమనింపగా, బరువు నూటికి పది పాళ్లు పెరిగినచో ఊపిరి ఆటంకములు సుమారు 32 పాళ్లు హెచ్చుననియు, పది పాళ్లు తగ్గినచో 26 పాళ్లు తగ్గుననియు తెలిసినది. 2009లో ఫిన్లండు వైద్యులు కఠినమైన మితాహారముతో నారంభించి ఏడాదిపాటు నడవడిని మార్పించగా, స్వల్పవ్యాధి గలవారు సగటున పది కిలోలకు పైగా తగ్గిరి. వారిలో అనేకులకు వ్యాధియు వీడెను.

సన్ననివారికిని దవడ నిర్మాణమువలన ఈ వ్యాధి రావచ్చును గనుక లావువారినే నిందించుట న్యాయము కాదు. సారాయియు, నిద్రమాత్రలును గొంతును మఱింత సడలించును గనుక విడువవలెను. వెల్లకిల పరుండుటకంటె ప్రక్కకు తిరిగి పరుండుట మేలు. అందులకై చొక్కా వీపున చిన్న బంతిని కుట్టుకొనువారును కలరు. వైద్యునియొద్దకు పోవునపుడు రాత్రి ప్రక్కనుండినవారిని వెంట తోడ్కొనిపోవలెను. రోగి చెప్పలేని సంగతి వారికి తెలియును.