పరిణామానికి బలమైన సాక్ష్యం ఏది: శిలలా, జీవులా?

నెహ్రూ నగర్ (భిలాయ్): జీవపరిణామాన్ని నిరూపించడంలో భూగర్భశాస్త్రానిది పైచేయా, జీవశాస్త్రానిదా? భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఖనిజం అందించే దల్లీ-రాజహరా గనుల నుంచే ఈ చర్చను ప్రారంభించవచ్చు. అక్కడి పట్టీల ఇనుప శిలల వయసు 200 కోట్ల సంవత్సరాలకు పైమాటే. ఆదిమ సముద్రాల్లో కరిగి ఉన్న ఇనుము, సూక్ష్మజీవులు విడిచిన ఆక్సిజన్‌తో కలిసి అడుగున పేరుకోవడం వల్ల ఇటువంటి శిలలు ఏర్పడ్డాయన్నది ప్రధాన వివరణ. శిల కాలాన్ని చెబుతుంది. ఆ జీవుల బంధువులెవరో చెప్పదు. మొక్కల హరితరేణువులకు సయనోబాక్టీరియాతో బంధుత్వం ఉందని తేల్చింది జన్యుశాస్త్రం.

భూగర్భశాస్త్రం బలం కాలక్రమం. రేడియోధార్మిక మూలకాల క్షయం ఆధారంగా అది శిలల వయసును లెక్కిస్తుంది. అంతరించిన రూపాలను చూపేదీ అదే. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి వద్ద లభించిన జురాసిక్ కాలపు డైనోసార్‌కు పి. యాదగిరి 1988లో ‘కోటసారస్’ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. అంత ప్రాచీన జీవి డీఎన్‌ఏ నిలిచి ఉండదు. అయితే శిలాజాలు ఏర్పడటం అరుదు. ఈ లోపాన్ని వివరించేందుకు డార్విన్ 1859 నాటి తన గ్రంథంలో ఒక అధ్యాయాన్నే కేటాయించారు.

జీవశాస్త్రం బలం బంధుత్వ నిర్ధారణ. శిలాజాలు లేకున్నా డీఎన్‌ఏ పోలికలు వంశవృక్షాన్ని చూపుతాయి. మందులకు లొంగని బ్యాక్టీరియా పుట్టుక వంటి మార్పులను ప్రయోగశాలలోనే గమనించవచ్చు. కానీ జన్యుమార్పుల వేగాన్ని సంవత్సరాల్లోకి మార్చడానికి శిలాజాల తేదీలే ఎక్కువగా ఆధారం.

రెండు సాక్ష్యాలూ విభేదించిన సందర్భం తిమింగలాలది. వాటి పూర్వీకులు మెసోనికిడ్‌లనే మాంసాహార జంతువులని ఒకప్పుడు శిలాజ శాస్త్రజ్ఞులు భావించారు. హిప్పోపొటమస్‌లే వాటి దగ్గరి బంధువులని 1990లలో డీఎన్‌ఏ సూచించింది. 2001లో పాకిస్థాన్‌లో దొరికిన తొలి తిమింగలాల చీలమండ ఎముకలు పంది, జింక, హిప్పోపొటమస్ వర్గపు లక్షణాన్నే చూపాయి. భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎ. రంగారావు జమ్మూకశ్మీర్‌లోని కాలాకోట్‌లో సేకరించిన శిలల్లో ఉన్న ‘ఇండోహ్యూస్’ శిలాజాలను ఆయన మరణానంతరం పరిశీలించారు. సుమారు 4.8 కోట్ల సంవత్సరాల నాటి ఆ చిన్న గిట్టల జంతువు చెవి ఎముక తిమింగలాల చెవిని పోలి ఉందని 2007లో వెల్లడైంది.

బంధుత్వం విషయంలో జీవశాస్త్రం, కాలం విషయంలో భూగర్భశాస్త్రం ముందుంటాయి. ఒకదాన్ని మరొకటి తప్పని తేల్చగల అవకాశం ఉండీ, వేర్వేరు మార్గాల్లో రెండూ ఒకే నిర్ణయానికి రావడమే పరిణామానికి అన్నిటికన్నా బలమైన సాక్ష్యం.