మైలుతుత్తపు నీటిలో నెత్తుటి చుక్క

వేసవి వచ్చిందంటే వాతావరణ వార్తలలో మా పల్నాటి రెంటచింతల పేరు ముందు వరుసలో వినబడుతుంది. ఆ ఎండలో చెమట రూపంలో నీరు కోల్పోయిన మనిషి నెత్తురు చిక్కబడుతుంది. ఆ చిక్కదనాన్ని కొలవడానికి వైద్యులు ఒకప్పుడు నమ్ముకున్నది యంత్రాన్ని కాదు, మునిగిన వస్తువును పైకి నెట్టే ద్రవగుణాన్ని.

ఆ గుణానికి మూలం పీడనంలోని తేడా. నాగార్జునసాగర్ ఆనకట్టను చూసినవారు గమనించే ఉంటారు: దాని అడుగు వెడల్పు, పైభాగం సన్నం. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడి పెరగడమే అందుకు కారణం. ద్రవంలో మునిగిన ఏ వస్తువుకైనా అడుగుభాగం పైభాగం కన్నా లోతున ఉంటుంది గనుక కిందినుంచి తగిలే ఒత్తిడే ఎక్కువ. పక్కల ఒత్తిళ్లు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలిన తేడాయే ఉత్ప్లవన బలం. అది ఆ వస్తువు తొలగించిన ద్రవం బరువుకు సమానమని క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దంలోనే ఆర్కిమెడిస్ నిరూపించాడు. (ఆయన స్నానాల తొట్టి నుంచి వీధిలోకి పరుగెత్తిన కథ ఆయన గ్రంథంలో లేదు, తరువాతివారు చెప్పినది.) పాత్ర ఆకారం ఏదైనా పీడనం లోతును బట్టే ఉంటుందని 1586లో సైమన్ స్టెవిన్ వివరించాడు.

ఈ సూత్రం మన దేశంలో ప్రాణాలు నిలిపింది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దంలో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ కలరా రోగుల నెత్తుటి చుక్కలను గ్లిజరిన్ కలిపిన నీటి సీసాలలో వేసి చూసేవాడు. ఒక్కొక్క సీసాది ఒక్కొక్క సాంద్రత. చుక్క మునగక, తేలక ఏ సీసాలో నిలిచితే నెత్తురు సాంద్రత అదే. మామూలుగా 1.055 నుంచి 1.060 దాకా ఉండవలసినది అంతకు మించితే, శరీరం ఎంత నీరు పోగొట్టుకున్నదో తెలిసేది. దానిని బట్టి నరంలోకి ఉప్పునీరు ఎక్కించేవాడు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో రాబర్ట్ ఫిలిప్స్, వాన్ స్లైక్ బృందం గ్లిజరిన్ స్థానంలో మైలుతుత్తం వాడింది. మన రైతులు సున్నంతో కలిపి పైరుమీద చల్లే మైలుతుత్తమే అది. నెత్తుటి చుక్క దానిని తాకగానే చుట్టూ పలుచని పొర ఏర్పడుతుంది. కొన్ని సెకన్లపాటు లోపలి సాంద్రత మారదు. ఆ వ్యవధి చాలు. 1947లో ఈజిప్టు కలరాలో ఫిలిప్స్ ఈ పద్ధతినే వినియోగించాడు.

రక్తదాన శిబిరాలలో మీరు చూసిన నీలిరంగు ద్రావణం అదే. దాని సాంద్రత 1.053. చుక్క పదిహేను సెకన్లలోగా మునిగితే హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు ఉన్నట్లు లెక్క. తేలితే రక్తం తీయరాదు. తీస్తే రక్తహీనత ఉన్నవారిని మరింత క్షీణింపజేసినట్లే.

పరీక్ష సులువే గాని దానికీ లొసుగులున్నాయి. మా ఎండలకు మూత తీసిన సీసాలో నీరు ఆవిరై ద్రావణం చిక్కబడితే మంచి నెత్తురు కూడా తేలిపోతుంది, అర్హుడైన దాత వెనుదిరుగుతాడు. రక్తంలో మాంసకృత్తులు అసాధారణంగా పెరిగే జబ్బులలో ఇందుకు విరుద్ధం: హిమోగ్లోబిన్ తక్కువైనా చుక్క మునుగుతుంది. అందుచేత ఎప్పుడైనా మీ చుక్క తేలిందని తిప్పి పంపితే, అక్కడితో వదిలివేయక ప్రయోగశాలలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. నిజంగా తక్కువుంటే కారణం వెదకవలసి ఉంటుంది.