స్పెషల్ ఒలింపిక్స్ భారత్

మేధోవైకల్యం ఉన్నవారికి ఏడాది పొడవునా క్రీడాశిక్షణ ఇచ్చి, పోటీలు నిర్వహించే జాతీయ సంస్థ. యూనిస్ కెనడీ ష్రైవర్ 1968 జులై 20న షికాగోలో తొలి క్రీడలతో ఆరంభించిన స్పెషల్ ఒలింపిక్స్ ఉద్యమానికి ఇది భారతీయ శాఖ. ప్రపంచ సంస్థ ప్రాంతీయ విభజనలో ఆసియా పసిఫిక్ కిందికి వస్తుంది. 1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టం కింద 2001లో నమోదైంది.

పోటీకి కనీస వయసు 8 ఏళ్లు. వయసు, లింగం, ప్రాథమిక పోటీల్లో కనబరిచిన సామర్థ్యం ఆధారంగా దాదాపు సమఉజ్జీలను ఒకే విభాగంలో చేర్చడం దీని ముఖ్య లక్షణం. ఈ పద్ధతి వల్ల అగ్రశ్రేణి వారికే కాక అన్ని స్థాయుల వారికీ పతకావకాశం ఉంటుంది. యూనిఫైడ్ క్రీడల్లో మేధోవైకల్యం ఉన్నవారు, లేనివారు ఒకే జట్టులో ఆడతారు. రెండూ ఒకటేనని తరచూ పొరబడుతున్నా, పారాలింపిక్స్ వేరే ఉద్యమం. 2023 బెర్లిన్ ప్రపంచ క్రీడల్లో భారత్ 76 స్వర్ణాలు సహా 202 పతకాలు గెలిచింది.